పేజీ నిండా బొమ్మ, బొమ్మ నిండా తెలుగు

వర్డ్‌ ఫైల్లోని బొమ్మను కాగితం అంచుల దాకా అచ్చు వేయడం చిన్న పనే. ఖరగ్‌పూర్ తెలుగువారికి మాత్రం అందులో పెద్ద ప్రశ్నే దాగి ఉంది.

ఉగాది సంబరాలకు పిలుపు, గుడిలో కల్యాణోత్సవం వివరాలు, పిల్లల పాటల పోటీ ప్రకటన. ఇలాంటి ఒక్క పేజీ కాగితాన్ని తెలుగులో అచ్చు వేయించడం విజయవాడలోనో విశాఖపట్నంలోనో లెక్కలోకి వచ్చే పని కాదు. సందుకో డీటీపీ దుకాణం ఉంటుంది. అదే పని పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, మలంచా లాంటి పేటలో పడితే లెక్క మారుతుంది. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు కూర్చే కంప్యూటర్లో తెలుగు ఫాంటు ఉంటుందన్న భరోసా లేదు. ఉన్నా, కూర్చే మనిషికి తెలుగు చదవడం రాకపోవచ్చు. అప్పుడు తోచే తేలిక దారి ఒకటే. ఆంధ్రాలోని బంధువుల చేతో స్నేహితుల చేతో పేజీని తయారు చేయించి, దాన్ని బొమ్మగా మార్చి ఫోనుకు తెప్పించుకోవడం. ఆ బొమ్మను వర్డ్ ఫైల్లో అతికించి ప్రింట్ మీట నొక్కడం. భాష తెలియని ఆపరేటర్ అయినా బొమ్మను బొమ్మగా అచ్చు వేయగలడు కదా!

వేయగలడు. కానీ యంత్రంలోంచి బయటికొచ్చే కాగితం చాలాసార్లు నిరాశపరుస్తుంది. చుట్టూ వేలెడు వెడల్పున తెల్ల అంచు. మధ్యలో కుంచించుకుపోయిన ఆహ్వానం. పెద్దది చేయబోతే అక్షరాలు సాగిపోతాయి, లేదా చివరి పంక్తి తెగిపోతుంది. కొన్నిసార్లు వెనకే ఖాళీ రెండో పేజీ కూడా వస్తుంది. తప్పు ప్రింటర్‌దా, వర్డ్‌దా, బొమ్మదా అన్నది తేలదు. నిజానికి ఆ తెలుపు ఒక్కటి కాదు. మూడు వేర్వేరు కారణాల వల్ల వచ్చే మూడు తెలుపులు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. వాటిని విడదీసి చూస్తేనే దేనికేది మందో తెలుస్తుంది.

అంతకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. నాలుగు మాటల తెలుగు బొమ్మగా మారి ప్రయాణం చేయాల్సిన అవసరం అసలెందుకు వచ్చింది?

రైలెక్కి వచ్చిన భాష

ఖరగ్‌పూర్‌కు తెలుగు కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను, ఆ వెనకే పెద్ద వర్క్‌షాపును నెలకొల్పింది. హౌరా నుంచి వచ్చే మార్గం ఇక్కడే చీలి ఒకటి నాగపూర్ మీదుగా ముంబైకి, మరొకటి తూర్పు తీరం వెంట చెన్నైకి సాగుతుంది. ఆ తీరపు మార్గమే ఉత్తరాంధ్ర పల్లెల నుంచి కార్మికులను ఖరగ్‌పూర్‌కు చేర్చింది. రైల్వే కాలనీల్లోనూ పక్క పేటల్లోనూ వారు స్థిరపడ్డారు. ఆ తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1920లలో కార్మిక నేతగా ఎదిగింది కూడా ఈ రైల్వే సంఘంలోనే. ఊరిని మినీ ఇండియా అంటారంటే అందులో తెలుగువారి వాటా తక్కువేమీ కాదు.

తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బజారులో బెంగాలీ, హిందీ నడుస్తాయి. బడిలో ఇంగ్లీషు. మాట నిలిచినంతగా రాత నిలవదన్నది పొరుగు రాష్ట్రాల్లోని తెలుగువారందరి అనుభవం. అలాంటి పరిస్థితుల్లో 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ రాష్ట్రంలో నేపాలీ, ఉర్దూ, హిందీ, ఒడియా, సంతాలీ, పంజాబీ వంటి భాషలు అంతకు ముందే ఆ వరుసలో ఉన్నాయి. తెలుగు పేరు చేరడానికి ప్రధాన కారణం ఖరగ్‌పూర్ తెలుగువారే. హోదా కాగితం మీద వచ్చింది. ఆ భాషను కాగితం మీదికి తేవడం మాత్రం ఇంకా ఎవరి తిప్పలు వారివే.

ఆ తిప్పలకు మూలం ఫాంట్లలో ఉంది. 1990లలోనూ 2000లలోనూ తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకర్, దానితో పాటు అను, శ్రీలిపి, ఆకృతి, సీడాక్ వారి ఉపకరణాలు. ఈ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గడుల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చిపెట్టేవి. తలకట్టు ఒక గడిలో, గుడి ఇంకో గడిలో, వత్తు మరో గడిలో. ఒక్కో సంస్థది ఒక్కో అమరిక. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో అది ముచ్చటైన తెలుగు. లేని కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు కలగలిసిన గందరగోళం. దినపత్రికల వెబ్‌సైట్లు చదవాలన్నా ఆ పత్రిక ఫాంటును దించుకోవాల్సిన రోజులవి. ఆ గందరగోళాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి 'పద్మ' లాంటి ఉపకరణాలను తెలుగు ఔత్సాహికులే తయారుచేసుకున్నారు.

ఫైలు పంపితే తెరుచుకోదు. బొమ్మ పంపితే ఎక్కడైనా తెరుచుకుంటుంది. అలా బొమ్మ పంపడం అలవాటైంది. కారణం చాలావరకు తొలగిపోయినా అలవాటు పోలేదు. కాబట్టి ముందు బొమ్మ సంగతే తేల్చాలి.

మొదటి తెలుపు: వర్డ్ గీసిన గిరి

వర్డ్ పేజీ తెరవగానే నాలుగు వైపులా మార్జిన్లు సిద్ధంగా ఉంటాయి. సాధారణంగా ఒక్కోటి అంగుళం, అంటే 2.54 సెంటీమీటర్లు. ఎ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297. అటూ ఇటూ మార్జిన్లు పోగా వెడల్పులో 159 మిల్లీమీటర్లే మిగులుతాయి. పెద్ద బొమ్మను చొప్పించినప్పుడు వర్డ్ దాన్ని ఈ గిరిలో ఇమిడేలా తగ్గించేస్తుంది. పేజీ మొత్తానికి సరిపోవాల్సిన బొమ్మ కాగితంలో సుమారు 57 శాతం మేరకే పరుచుకుంటుంది.

దీనికి కారణం వర్డ్ దృష్టిలో బొమ్మ కూడా ఒక అక్షరమే కావడం. చొప్పించగానే అది పంక్తిలో ఒక పెద్ద అక్షరంలా కూర్చుంటుంది. పంక్తికి ఉన్న హద్దులన్నీ దానికీ ఉంటాయి. పంక్తుల మధ్య ఎడాన్ని 'ఎగ్జాక్ట్‌లీ' అని బిగించి ఉంచితే బొమ్మలో సన్నని పట్టీ మాత్రమే కనిపించి మిగతాది మాయమైనట్టుంటుంది. వెనక ఖాళీ పేజీ రావడానికీ కారణం ఇదే. పేజీని బొమ్మ పూర్తిగా ఆక్రమిస్తే దాని వెనకున్న ఖాళీ పేరాకు చోటు లేక తర్వాతి పేజీలోకి జారుతుంది.

మందు కూడా ఇక్కడే ఉంది. బొమ్మను పంక్తిలోంచి బయటికి తీయాలి. బొమ్మను ఎంచుకుని 'ర్యాప్ టెక్స్ట్'లో 'బిహైండ్ టెక్స్ట్' అని చెబితే అది అక్షరాల వెనక్కి వెళ్లి స్వేచ్ఛగా కదులుతుంది. ఆ తర్వాత 'లేఅవుట్' పెట్టెలో అడ్డంగా, నిలువుగా స్థానం సున్నా అని ఇచ్చి, ఆ సున్నాను మార్జిన్ నుంచి కాక 'పేజ్' నుంచి కొలవమని చెప్పాలి. పరిమాణం 21 సెంటీమీటర్లు, 29.7 సెంటీమీటర్లు. అంతే, తెర మీద బొమ్మ అంచు నుంచి అంచుకు పరుచుకుంటుంది. మార్జిన్లను సున్నా చేయాల్సిన పని కూడా లేదు. చాలామంది మొదట చేసేది మాత్రం అదే. అప్పుడు మార్జిన్లు అచ్చుకు వీలైన ప్రాంతం దాటాయంటూ వర్డ్ హెచ్చరిస్తుంది. కంగారుపడి 'ఫిక్స్' నొక్కితే మార్జిన్లు మళ్లీ పెరుగుతాయి, కథ మొదటికొస్తుంది.

ఒకే బొమ్మ ప్రతి పేజీలోనూ రావాలంటే, ఉదాహరణకు సంఘం లెటర్‌హెడ్ అయితే, దాన్ని హెడర్‌లో ఇదే పద్ధతిలో పెట్టాలి. లిబ్రేఆఫీస్ వాడేవారికి పేర్లు వేరైనా సూత్రం ఒకటే. బొమ్మను అక్షరానికి కాక పేజీకి కట్టాలి.

రెండో తెలుపు: కొలతల పేచీ

అంచులు దాటినా బొమ్మ, కాగితం ఒకే ఆకారంలో లేకపోతే ఒకవైపు తెలుపు తప్పదు. ఎ4లో వెడల్పుకు పొడవు 1.414 రెట్లు. రెండు వర్గమూలం అన్నమాట. అందుకే ఆ కాగితాన్ని సగానికి మడిచినా అదే ఆకారం వస్తుంది. ఈ సుగుణాన్ని జర్మన్ శాస్త్రవేత్త లిష్టెన్‌బెర్గ్ 1786లోనే ఒక లేఖలో ప్రస్తావించాడు. వాల్టర్ పోర్స్ట్‌మన్ కృషితో 1922లో జర్మనీ దాన్ని ప్రమాణంగా స్వీకరించింది. 1975లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. భారత్ సహా ప్రపంచంలో చాలా భాగం దాన్నే వాడుతోంది. అమెరికా, కెనడా మాత్రం తమ 'లెటర్' కాగితాన్ని వదల్లేదు. అది ఎ4 కంటే ఆరు మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ, దాదాపు పద్దెనిమిది మిల్లీమీటర్లు పొడవు తక్కువ.

ఈ తేడా డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు తయారుచేసి పంపిన ఆహ్వానం మలంచాలో అచ్చయ్యేటప్పుడు బయటపడుతుంది. ఫైలు లెటర్ కొలతది, ట్రేలో ఉన్నది ఎ4. వర్డ్‌లో కాగితానికి తగ్గట్టు సర్దే సదుపాయం పనిచేస్తే పేజీ కాస్త చిక్కి, పైనా కిందా తెలుపు పెరుగుతుంది. పనిచేయకపోతే పక్కలు తెగుతాయి. భారత్‌లో కొత్త కంప్యూటర్లోనూ ప్రాంతం అమెరికా అని ఉండిపోతే వర్డ్ లెటర్ పేజీతోనే మొదలవుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందు కాగితం కొలత చూడటం అన్నిటికన్నా పెద్ద పొదుపు.

ఫోన్ ఫొటోల కొలత మరోలా ఉంటుంది. చాలా ఫోన్లు నాలుగుకు మూడు నిష్పత్తిలో తీస్తాయి. నిలువు ఫొటోను ఎ4 వెడల్పుకు సరిపెడితే పొడవు 280 మిల్లీమీటర్లకే ఆగిపోతుంది, పదిహేడు మిల్లీమీటర్ల తెలుపు మిగులుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి బొమ్మను నిలువునా సాగదీయడం అందరూ చేసే తప్పు. ముఖాలు కోలవుతాయి. తెలుగు అక్షరమైతే దాని గుండ్రదనమే పోతుంది. బొమ్మను నిష్పత్తి చెడకుండా పొడవుకు సరిపడా పెంచి, పక్కన ఎక్కువైన పదమూడు మిల్లీమీటర్లను కత్తిరించడమే పద్ధతి. ఏది కత్తిరించాలో మనిషి నిర్ణయించాలి. యంత్రానికి వదిలేస్తే చివర నిలబడ్డ పెద్దమనిషి చెయ్యి పోతుంది.

మూడో తెలుపు: యంత్రం పట్టు

పై రెండూ సరిచేశాక కూడా నాలుగైదు మిల్లీమీటర్ల సన్నని తెల్ల అంచు మిగులుతుంది. దీనికి వర్డ్‌లో మందు లేదు. ఎందుకంటే అది లోపం కాదు, యంత్రం తీరు.

లేజర్ ప్రింటర్‌లో బొమ్మ మొదట డ్రమ్ మీద స్థిర విద్యుత్తుగా ఏర్పడుతుంది. దానికి టోనర్ పొడి అంటుకుని, కాగితం మీదికి దిగి, వేడి రోలర్ కింద కరిగి అతుక్కుంటుంది. అంచు దాకా పొడి పరిస్తే కాగితం దాటిన పొడి యంత్రంలో రాలుతుంది. ముందు అంచు నిండా కరిగిన టోనర్ ఉంటే కాగితం వేడి రోలర్‌కు చుట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే ఆఫీసు లేజర్ ప్రింటర్లు చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లను ముట్టుకోకుండా వదిలేస్తాయి. ఎంత బతిమాలినా ఆ గీత దాటవు.

ఫొటోల కోసం చేసిన కొన్ని ఇంక్‌జెట్ ప్రింటర్లు మాత్రం 'బోర్డర్‌లెస్' అచ్చు వేస్తాయి. అవి బొమ్మను కాగితం కంటే కొద్దిగా పెద్దది చేసి, అంచు దాటి సిరా చల్లుతాయి. ఎక్కువైన సిరాను లోపలున్న మెత్తలు పీల్చుకుంటాయి. అంటే అక్కడ కూడా బొమ్మ చివర్లు కొంత పోతాయి. బోర్డర్‌లెస్ అంటే ఏమీ కోల్పోకపోవడం కాదు.

మరి పత్రికల అట్టలు, సినిమా కరపత్రాలు అంచుల దాకా ఎలా వస్తాయి? వాటిని అంచు దాకా అచ్చు వేయరు. పెద్ద కాగితం మీద వేసి కోస్తారు. ఎ4 కావాలంటే బొమ్మను నాలుగు వైపులా మూడేసి మిల్లీమీటర్లు పెంచి 216, 303 మిల్లీమీటర్లుగా తయారుచేస్తారు. ఎ3 లేదా అంతకన్నా పెద్ద కాగితం మీద అచ్చు వేసి, కటింగ్ యంత్రంతో అసలు కొలతకు కోస్తారు. కత్తి ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా తెలుపు కనిపించకుండా ఆ అదనపు మేర కాపాడుతుంది. అచ్చు పనివారు దాన్ని బ్లీడ్ అంటారు. నిజంగా అంచు దాకా కావాలనుకునే సంఘం అడగాల్సింది మంచి ప్రింటర్‌ని కాదు, కోత యంత్రం ఉన్న దుకాణాన్ని.

అది కుదరకపోతే మర్యాదైన దారి ఒకటుంది. ఆ తెలుపును ముందే లెక్కలోకి తీసుకోవడం. చుట్టూ సెంటీమీటరు సమానంగా వదిలి ఆహ్వానాన్ని రూపొందిస్తే అది లోపంలా కాక చట్రంలా కనిపిస్తుంది. ఎలా చేసినా తేదీ, వేళ, చిరునామా మాత్రం అంచుకు సెంటీమీటరు లోపలే ఉండాలి. తెగినప్పుడు నేపథ్యంలోని మామిడాకు తెగితే ఫర్వాలేదు. 'సాయంత్రం 6' తెగితే జనం రారు.

వత్తు దగ్గర తేలే నాణ్యత

పేజీ నిండటం ఒక ఎత్తు, చదవడానికి వీలుగా నిండటం మరో ఎత్తు. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలన్నది పాత లెక్క. ఎ4 పేజీకి అది 2,480 అడ్డం, 3,508 నిలువు పిక్సెళ్లు. ఫోన్ కెమెరాతో తీసిన ఫొటోకు ఇది కష్టం కాదు. 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో నిలువునా నాలుగు వేల పిక్సెళ్లుంటాయి. ఇబ్బంది మధ్య దారిలో వస్తుంది. మెసేజీగా పంపిన ఫొటోను వాట్సాప్ కుదిస్తుంది. పొడవు 1,600 పిక్సెళ్లకు తగ్గిందనుకుంటే అంగుళానికి మిగిలేది 137 చుక్కలే.

ఇంగ్లీషు అక్షరం ఆ దెబ్బను కొంత ఓర్చుకుంటుంది. తెలుగు ఓర్చుకోదు. పది పాయింట్ల అక్షరానికి 300 చుక్కల దగ్గర సుమారు 42 పిక్సెళ్ల ఎత్తు దొరుకుతుంది. 137 దగ్గర 19 మాత్రమే. ఆ పందొమ్మిదిలోనే అక్షరం, పైన గుడి, కింద వత్తు అన్నీ సర్దుకోవాలి. వత్తు వాటాకు ఆరేడు పిక్సెళ్లు వస్తే గొప్ప. అక్కడ రావత్తు, యావత్తు మసకబారిపోతాయి. 'ప'కూ 'వ'కూ, 'మ'కూ 'య'కూ తేడా కనిపెట్టడం కష్టమవుతుంది. దానికి తోడు జేపెగ్ పద్ధతి అక్షరాల చుట్టూ మురికి లాంటి నీడను మిగులుస్తుంది. అక్షరాలున్న బొమ్మకు పీఎన్‌జీ నయం. వాట్సాప్‌లో ఫొటోగా కాక 'డాక్యుమెంట్'గా పంపితే ఫైలు యథాతథంగా చేరుతుంది.

వర్డ్ కూడా తన వంతు కోత కోస్తుంది. సేవ్ చేసేటప్పుడు బొమ్మలను సాధారణంగా అంగుళానికి 220 చుక్కలకు కుదిస్తుంది. ఆప్షన్లలోని 'అడ్వాన్స్‌డ్' విభాగంలో బొమ్మలను కుదించవద్దని చెప్పే గడి ఒకటి ఉంది. దానికి ముందే టిక్కు పెట్టాలి. కుదించాక పెట్టినా పోయిన చుక్కలు తిరిగిరావు. ఎవరో పంపిన వర్డ్ ఫైల్లోంచి బొమ్మను బయటికి తీయాల్సి వస్తే చిన్న కిటుకు ఉంది. 2007 నుంచి వాడుకలోకి వచ్చిన డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల 'మీడియా' అరలో బొమ్మలు దొరుకుతాయి.

చివరి జాగ్రత్త పీడీఎఫ్. వర్డ్ ఫైలును దుకాణానికి ఇస్తే అక్కడి వెర్షన్, అక్కడి ప్రింటర్‌ను బట్టి పేజీ కదులుతుంది. పీడీఎఫ్‌గా మార్చి ఇస్తే కదలదు. ప్రింట్ చేసేటప్పుడు 'ఫిట్' అని ఉంటే అది పేజీని కుదించి తెల్ల అంచును మళ్లీ తెచ్చిపెడుతుంది. 'యాక్చువల్ సైజ్' ఎంచుకోవాలి.

బొమ్మలో చిక్కుకున్న మాట

ఇన్ని జాగ్రత్తలూ తీసుకుంటే పేజీ నిండా ముచ్చటైన తెలుగు బొమ్మ వస్తుంది. అసలు ఇబ్బంది అప్పుడే మొదలవుతుంది. ఆహ్వానంలో తేదీ తప్పు పడిందని ఉగాదికి ముందురోజు గమనించారనుకోండి. బొమ్మలోని అంకెను మలంచాలో ఎవరూ దిద్దలేరు. తయారుచేసిన మనిషి మళ్లీ కంప్యూటర్ ముందుకొచ్చి, మళ్లీ బొమ్మ చేసి, మళ్లీ పంపాలి. వచ్చే ఏడాది అదే ఆహ్వానాన్ని తేదీ మార్చి వాడుకోవాలన్నా అంతే. పదేళ్ల తర్వాత సంఘం చేసిన కార్యక్రమాల్లో ఎవరు మాట్లాడారో వెతకాలంటే కంప్యూటర్‌కు ఆ బొమ్మల్లో ఒక్క పేరు కూడా కనిపించదు.

లెక్క వేసి చూసినా బేరం గిట్టదు. ఎ4 బొమ్మలో ఎనభై ఏడు లక్షల పిక్సెళ్లు. కుదించకుండా ఉంచితే రంగుల్లో 26 మెగాబైట్లు. అదే పేజీలో ఉండే పదిహేను వందల తెలుగు అక్షర సంకేతాలు యూనికోడ్‌లో నాలుగున్నర కిలోబైట్లకు మించవు. ఒక బొమ్మ పట్టే చోటులో అయిదు వేల పైచిలుకు పేజీల మాటలు పడతాయి.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. ఆ సంకేత పట్టికలో తెలుగు వాటా 128 గడులు. ప్రపంచంలో ఏ కంప్యూటర్ అయినా ఆ గడుల్లో ఉన్నది తెలుగేనని గుర్తిస్తుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఉంది. దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరికాయి. ఆ తర్వాత సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, సురన్న, పెద్దన, ధూర్జటి వంటి ఫాంట్లు వచ్చాయి. అవన్నీ గూగుల్ ఫాంట్లలో ఉచితంగా ఉన్నాయి. మలంచాలోని కంప్యూటర్లో ఆ ఫాంటు లేదనుకున్నా పేచీ లేదు. వర్డ్‌లో సేవ్ ఆప్షన్లలో ఫాంటును ఫైల్లోనే పొదిగే సదుపాయం ఉంది. పీడీఎఫ్‌లో అది మామూలుగానే జరుగుతుంది. అంటే తెలుగును బొమ్మగా పంపడానికి ఒకప్పుడున్న ప్రధాన కారణం ఇప్పుడు లేదు.

యంత్రాలు తెలుగుతో పూర్తిగా రాజీపడ్డాయని మాత్రం అనలేం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం ఒక ప్రత్యేక సంకేతంతో కలిసి మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెలలోనే అప్‌డేట్ విడుదల చేసి సరిదిద్దుకుంది. పీడీఎఫ్‌లోంచి తెలుగును కాపీ చేస్తే వత్తులు చెదిరిపోవడం ఇప్పటికీ మామూలే. అందుకని అచ్చుకు పీడీఎఫ్ ఇచ్చినా అసలు వర్డ్ ఫైలును దాచుకోవాలి. కానీ ఈ లోపాలు బయటపడ్డదీ, సరిదిద్దుకున్నదీ తెలుగును జనం మాటలుగా వాడినందువల్లే. బొమ్మలుగా వాడినంతకాలం యంత్రానికి తెలుగు అనే భాష ఉన్నట్టే తెలియదు.

బొమ్మకు చోటెక్కడ?

అలాగని బొమ్మను పూర్తిగా తోసిపుచ్చనక్కర్లేదు. వర్క్‌షాపులో పనిచేసిన తాతగారి సర్వీసు కాగితం, ఊరి నుంచి వచ్చిన పాత ఉత్తరం, సంఘం తొలి ఆహ్వాన పత్రిక. వీటిని పేజీ నిండా బొమ్మగా అచ్చు వేయాల్సిందే. ఆ చేతిరాత, ఆ ముద్ర, ఆ కాగితం మడతే వాటి విలువ. స్కాన్ చేసేటప్పుడు 300 చుక్కలకు తగ్గకుండా చేసి, అంచులు కత్తిరించకుండా, పక్కన ఆ ఉత్తరంలోని మాటలను టైపు చేసి పెడితే బొమ్మా దక్కుతుంది, మాటా దక్కుతుంది. టైపు చేసే ఓపిక లేకపోతే గూగుల్ డ్రైవ్, టెసరాక్ట్ లాంటివి తెలుగు బొమ్మ నుంచి అక్షరాలను రాబడతాయి. వత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి తెలుగు చదవగలిగిన మనిషి ఒకసారి చూడాలి. ఆ మనిషి ఉన్నంతకాలమే ఆ పని జరుగుతుంది.

ఆహ్వానాలకూ మధ్యేమార్గం ఉంది. మామిడి తోరణం, దేవుడి పటం, రంగుల నేపథ్యం ఒక్కటే బొమ్మగా అక్షరాల వెనక ఉండాలి. మాటలన్నీ దాని మీద యూనికోడ్ తెలుగులో టైపు చేసి ఉండాలి. 'బిహైండ్ టెక్స్ట్' అన్న ఏర్పాటు అసలు ఉన్నది ఇందుకే. బొమ్మ వెనక, మాట ముందు. చూపుకు అందమూ తగ్గదు, తేదీ దిద్దడానికి విజయవాడకు కబురూ పెట్టక్కర్లేదు.

దీని ప్రయోజనం ఉగాది కరపత్రంతో ఆగదు. తెలుగుకు అధికార భాష హోదా వచ్చిన చోట రేపు ఎవరైనా తెలుగులో అర్జీ ఇవ్వాలన్నా, కార్యాలయం తెలుగులో నోటీసు వేయాలన్నా కావాల్సింది బొమ్మ కాదు. వెతకడానికి, దిద్దడానికి, నమోదు చేయడానికి వీలైన మాట. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం రాని పిల్లల సంగతీ అంతే. టైపు చేసిన తెలుగును ఫోను చదివి వినిపించగలదు, లిపి మార్చి చూపగలదు. ఆహ్వానంలో ఏముందో అమ్మమ్మను అడగకుండా తెలుసుకున్న పిల్లవాడు మరుసటి ఏడాది దాన్ని తనే టైపు చేయవచ్చు.

కాగితం అంచున మిగిలే నాలుగు మిల్లీమీటర్ల తెలుపు ప్రింటర్ పట్టు కోసం వదలాల్సిందే. దాని గురించి బాధపడనక్కర్లేదు. బాధపడాల్సింది దాని లోపల ఉన్నది తెలుగో, తెలుగు ఫొటోనో తేల్చుకోనందుకు.